బెజవాడ ఎండలో పది డిగ్రీల తొట్టి

మే నెల రెండో వారం, మధ్యాహ్నం రెండున్నర. పటమటలో రోడ్డు మీద కుక్క కూడా తిరగని వేళ. మా జిమ్ వెనక గదిలో ఐస్ బాత్, అంటే కసరత్తు చేశాక దిగే చల్లటి నీళ్ల తొట్టి, దాని మీది డిస్‌ప్లే 19.5 చూపిస్తోంది. గోడకి మేం అతికించిన బోర్డు మీద మాత్రం "10 డిగ్రీలు" అని నీలం అక్షరాలు. ముందు రోజే నెల ప్యాకేజీ కట్టిన కుర్రాడు ఒక కాలు లోపల పెట్టి, కాసేపు ఆలోచించి, "అన్నా, మా ఇంట్లో కుండ నీళ్లే నయం" అన్నాడు. నేనేం మాట్లాడగలను?

పక్కన చిల్లర్, ఆ నీళ్లని చల్లబరిచే మిషను, బుసలు కొడుతూనే ఉంది. పది నిమిషాలు తిరుగుతుంది, టక్కుమని ఆగిపోతుంది, తెర మీద ఎర్రగా ఏదో కోడ్ పడుతుంది. అయిదు నిమిషాలాగి మళ్లీ మొదలెడుతుంది. పొద్దుట్నుంచి ఇదే వరస.

ఈ తొట్టి ఆలోచన మా బావది. హైదరాబాద్‌లో ఎక్కడో ఓసారి దిగొచ్చి, "బెజవాడ ఎండకి ఇది పెడితే జనం ఎగబడతార్రా" అన్నాడు. డబ్బు ఆయనది, చాకిరీ నాది. ఫిబ్రవరిలో సామాను దిగింది. 600 లీటర్ల ఫైబర్ తొట్టి, మందపాటి మూత, ఒకటిన్నర హెచ్‌పీ చిల్లర్, అందులోనే పంపు, ఒక కార్ట్రిడ్జ్ ఫిల్టరు, నీళ్లలో క్రిముల్ని చంపడానికి అరచేతి వెడల్పున్న ఓజోన్ పెట్టె. బిగించడానికి వచ్చినాయన "ఏం లేదండి, నీళ్లు నింపి స్విచ్ వేసుకోవడమే" అని గంటలో చక్కా పోయాడు. ఫిబ్రవరి, మార్చి నిజంగానే అలాగే గడిచాయి. రాత్రి స్విచ్ వేస్తే తెల్లారేసరికి పది. నేను కూడా మహా తెలిసినవాడిలా అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఏప్రిల్‌లో పది కాస్తా పన్నెండైంది, తర్వాత పద్నాలుగు. తెలిసిన ఏసీ మెకానిక్‌ని పిలిచాం. పైపు మీద చెయ్యి పెట్టి చూసి "గ్యాస్ తగ్గిందండి" అన్నాడు. పట్టాడు. ఆ సాయంత్రం గాలివాన పడి ఊరంతా చల్లబడింది, మా తొట్టి కూడా చల్లబడింది. గ్యాస్ మహిమే అనుకున్నాం. మూడో రోజు ఎండ కాసింది, చిల్లర్ మళ్లీ ఆగింది. మళ్లీ పిలిచాం, మళ్లీ పట్టాడు. రెండుసార్లూ డబ్బులిచ్చాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు కంప్రెసర్ పోయిందేమోనని రాత్రిళ్లు నిద్ర లేదు.

ఆ వారం రోజులూ పరువు కోసం ఐసు దిమ్మలు తెప్పించాం. ఆటోలో గోనె సంచులు కప్పుకుని వచ్చేవి. సమ్మెటతో పగలగొట్టి తొట్టిలో వేసేవాళ్లం. అవి చేపల మీద వెయ్యడానికి చేసే ఐసు, తాగే నీళ్లతో చేసిందని ఎవరూ చెప్పరు. రెండో రోజుకే నీళ్లలో పీచులు, అడుగున నల్లటి నలుసులు, ఒక రకం చెరువు వాసన. ఫిల్టరు అరపూటలో మూసుకుపోయింది. ఐసు పోసి నడిపిద్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే, ఆ వాసన ఒక్కసారి చూసి రండి.

అప్పుడు నాన్న ఒకాయన్ని గుర్తుచేశారు. చిన్నప్పట్నుంచీ నేను బాబాయ్ అని పిలిచే మనిషి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ముప్పై ఏళ్లు ప్లాంటు చూసి రిటైరయ్యారు. ఫోన్ చేస్తే "తొట్టెడు నీళ్లకి నేనెందుకురా" అంటూనే మర్నాడు బస్సెక్కి వారధి దగ్గర దిగారు. నేను బండి మీద తీసుకొచ్చాను. చంకలో సంచి, సంచిలో గేజీలు, ఒక చిన్న కాటా.

"ముందు కాస్త మజ్జిగ తాగండి బాబాయ్."

"మజ్జిగెక్కడికి పోతుంది. వీడు వేడి ఎక్కడ పారబోస్తున్నాడో చూపించు."

నీళ్లు చల్లబడట్లేదు మొర్రో అని పిలిస్తే ఈయన వేడి గురించి అడుగుతారేంటి అనుకున్నాను. చిల్లర్ చూపించాను. గదిలో మూల, గోడకి జానెడు దూరంలో. గదికి రోలింగ్ షట్టర్, అది ఎప్పుడూ మూసే ఉంటుంది, దుమ్ము వస్తుందని. ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీశారు. మా కౌంటర్ దగ్గర దేవుడి పటం ముందున్న అగరబత్తుల్లో ఒకటి అడిగి వెలిగించి, చిల్లర్ ఫ్యాను ముందు పట్టుకున్నారు. పొగ వేగంగా ఎదుటి గోడకి కొట్టుకుంది, పైకి లేచింది, కప్పు కింద మెల్లగా వెనక్కి తిరిగింది, చిల్లర్ వెనక వైపు దిగింది, కాయిల్ రెక్కల్లోకి జర్రున పీల్చుకుపోయింది. ఆయన ఏమీ అనలేదు. అగరబత్తి నా చేతికిచ్చి "నువ్వూ పట్టి చూడు" అన్నారు. నేను పట్టినా అదే దారి.

"ఊదిన గాలే మళ్లీ పీలుస్తున్నాడు. నోట్లోంచి వదిలిన ఊపిరే పీలుస్తూ నువ్వు ఎంతసేపు పరిగెత్తగలవురా?"

థర్మామీటరు పెట్టి చూస్తే సందులో నీడపట్టున 43, గదిలో 49. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని చిల్లర్ పక్కన అతికించిన ప్లేటు చదివారు. కళ్లజోడు పైకీ కిందకీ జరుపుతూ, వేలితో గీస్తూ. అందులో ఒక మూల "టీ1" అని ఉంది. నేను ఆ ప్లేటు ఎప్పుడూ చదవలేదు. టీ1 అంటే చుట్టూ గాలి 43 డిగ్రీల దాకా ఉంటే పనిచేసేలా చేసిన మిషను అని ఆయనే చెప్పారు. ఎడారి దేశాలకి టీ3 అని వేరే ఉంటుంది, అది 52 దాకా తట్టుకుంటుంది. మన ఊళ్లో మే నెలకి టీ1 అంచు మీద నడిచే మనిషి, దాన్ని మేం తీసుకెళ్లి 49 డిగ్రీల గదిలో తాళం వేశాం.

గేజీలు బిగించారు. హై సైడ్, అంటే గ్యాసు ప్రెషర్ ఎక్కువుండే వైపు, ముల్లు 580 పీఎస్ఐ దగ్గర వణుకుతోంది. 600 తాకగానే టక్కుమంది. అదే, పొద్దుట్నుంచి నేను వింటున్న చప్పుడు. "గ్యాస్ తగ్గితే ఈ ముల్లు కింద ఉండాలిరా, ఇలా నెత్తికెక్కదు. ఎన్నిసార్లు పట్టించావు?" అన్నారు. రెండుసార్లు అని చెప్పడానికి సిగ్గేసింది.

మా దాంట్లో ఉన్నది ఆర్410ఏ అనే గ్యాసు. దాన్ని అంచనాగా పట్టకూడదట, తూకం వేసి పట్టాలట. రికవరీ మిషను అద్దెకి తెచ్చి, ఉన్న గ్యాసంతా సిలిండర్లోకి లాగి కాటా మీద పెట్టాం. 1,050 గ్రాములు. ప్లేటు మీద రాసింది 780. దాదాపు పావు కిలో పైన నేను డబ్బులిచ్చి ఎక్కించిన గ్యాసు, కండెన్సర్లో, అంటే వేడి బయటికి వదిలే కాయిల్లో, చోటు లేకుండా చేసి ప్రెషర్ని ఇంకా పైకి తోస్తోంది. వాక్యూమ్ పెట్టి, సరిగ్గా 780 పట్టారు. కాటా ముల్లు మీంచి కన్ను తిప్పలేదాయన, యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) తూచే గుమస్తాలా.

మజ్జిగ తాగుతూ ఆయన వేసిన లెక్క ఇంకా నా రిజిస్టరు చివరి పేజీలో ఉంది. లీటరు నీటిని ఒక డిగ్రీ దించాలంటే ఒక కిలోక్యాలరీ లాగాలి. 600 లీటర్లు, 34 నుంచి పదికి దించాలి, అంటే 24 డిగ్రీలు: 14,400. ఒక టన్ను మిషను గంటకి లాగేది 3,024. అంటే టన్ను మిషను నిండుగా పనిచేసినా అయిదు గంటల దగ్గర పడుతుంది. అదీ మూత వేసి, ఎవరూ దిగకుండా ఉంటే. ఇక హెచ్‌పీ అనేది కంప్రెసర్ మోటారుది, చల్లదనం కొలత అది కాదు. నేనేమో ఒకటిన్నర హెచ్‌పీ అంటే ఒకటిన్నర టన్ను అనుకుని కూర్చున్నాను, ఇంట్లో ఏసీ లెక్కలో. పైగా చుట్టూ గాలి వేడెక్కేకొద్దీ, నీళ్లు చల్లబడేకొద్దీ మిషను లాగే వేడి తగ్గిపోతుంది. మాటలో మాటగా ఐసు లెక్క కూడా అడిగాను. కిలో ఐసు కరగడానికి 80, కరిగిన నీళ్లు పది డిగ్రీలకి రావడానికి ఇంకో పది. 14,400కి 160 కిలోల ఐసు. రోజుకొక్కసారికే! ఆ మాట విన్నాక బావ ఐసు ఊసెత్తలేదు.

మర్నాడే చిల్లర్‌ని బయట సందులోకి మార్చాం. పైన రేకు నీడ, ముందు రెండు గజాల ఖాళీ, వెనక మూరెడు. ప్రెషర్ 450 దగ్గరికి దిగింది, ట్రిప్ ఆగింది. వేడిగాలి ఇప్పుడు పక్కింటి డాబా కింద తీగ మీద ఆరేసిన బట్టల మీదకి పోతుంది. గొడవవుతుందేమోనని భయపడ్డాను. పక్కింటి పిన్నిగారు మాత్రం చీరలు తొందరగా ఆరుతున్నాయని సంబరపడ్డారు. వానాకాలంలో ఇంకా ఎక్కువ సంబరపడ్డారు.

ఇక్కడితో అయిపోతే ఇంత రాసేవాణ్ణి కాదు.

మా ఇల్లు సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు మోటారు, ఫ్రిజ్జు, వాషింగ్ మిషను అన్నీ మునిగాయి. ఆ తర్వాత నేను కరెంటుతో నడిచే దేన్నీ నేల మీద పెట్టలేను, అదొక జబ్బులా పట్టుకుంది. అందుకని చిల్లర్‌కి మూడడుగుల ఇనప స్టాండు చేయించాను. ఆటోనగర్‌లో గట్టి యాంగ్లర్లతో కొట్టించింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. బాబాయ్ అప్పటికే గుంటూరు వెళ్లిపోయారు, లేకపోతే అక్కడే ఆపేసేవారు.

మూడో రోజు నుంచి పొద్దున్నే కొత్త కోడ్. నీళ్లు తిరగట్లేదని. పంపు గుయ్యిమంటుంది, నీళ్లు రావు. మూత విప్పి చెంబుతో నీళ్లు పోసి ఎత్తిస్తే నడుస్తుంది. మర్నాడు మళ్లీ అదే. నీళ్లు పారుతున్నాయో లేదో కనిపెట్టే ఫ్లో స్విచ్ పోయిందనుకుని మార్పించాను. మారలేదు. పంపు మార్చాలేమోనని ఆరా తీస్తుండగా బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒక్కటే.

"పంపు నీటిమట్టానికి పైనుందా, కిందుందా?"

తొట్టిలో నీళ్లు రెండడుగులు. పంపు చిల్లర్ లోపల, అంటే నేల నుంచి మూడడుగుల పైన. రాత్రి టైమరు పంపుని ఆపగానే పైపులో నీళ్లు వెనక్కి జారి, ఫిల్టరు మూత దగ్గర ఎక్కడో సన్నగా గాలి చొరబడుతోంది. ఆ చిన్న పంపులు తమంతట తాము నీళ్లు లాక్కునే రకం కావు, నీళ్లు వాటి మీదకి రావాలి. గదిలో నేల మీద ఉన్నన్నాళ్లూ నీళ్లు వాటంతటవే వచ్చేవి కాబట్టి నాకు తెలియలేదు.

ఇప్పుడేం చెయ్యాలి? స్టాండు దించడానికి మనసొప్పలేదు. చివరికి చిల్లర్ పైనే ఉంచి, దాని లోపలి పంపుని పక్కనపెట్టి, విడిగా ఒక పంపు కొని తొట్టి పక్కన ఒక ఇటుక ఎత్తులో పెట్టాం. పైకెళ్లే పైపులో, నీళ్లు వెనక్కి జారకుండా ఒక నాన్ రిటర్న్ వాల్వు. దూరం పెరిగింది కాబట్టి ముప్పావు అంగుళం పైపు తీసేసి అంగుళం వేశాం. వరదొస్తే పంపు మునుగుతుంది, మునగనీ. చిల్లర్ బతుకుతుంది. ఆ పైపులకి నల్ల ఫోమ్ తొడుగు వెయ్యడం మొదట్లో మర్చిపోయాం. కృష్ణా ఒడ్డున గాలిలో తేమ సంగతి తెలిసిందే కదా, పైపులు చెమటలు కక్కి సందంతా బురద.

జూన్, జులై బాగా నడిచింది. అప్పుడు మొదలైంది తెల్ల నలుసుల కథ. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన తంటా, ఎందుకంటే దీన్ని నేనే పట్టుకున్నాను.

సాయంత్రం జనం వెళ్లాక నీళ్ల మీద బియ్యపు నూక లాంటి తెల్లటి పలుకులు తేలేవి. తొట్టి అంచు చుట్టూ మైనంలా ఒక గీత. మధ్యాహ్నానికల్లా నీళ్లు తిరగట్లేదన్న కోడ్ మళ్లీ రావడం మొదలైంది. ఫిల్టరు తీసి కుళాయి కింద ఎంత కడిగినా గంట నడిచి మళ్లీ బిగుసుకునేది. బోరు నీళ్లలో సున్నం అనుకున్నాను. మున్సిపల్ నీళ్లకి మారాను, తేడా లేదు. క్లోరిన్ పొడి కరగట్లేదేమో అనుకున్నాను. రెండ్రోజులు పొడి వెయ్యడం మానేశాను, నలుసులు తగ్గలేదు సరికదా నీళ్లు మబ్బుగా మారాయి.

ఒక రోజు పొద్దున్నే కార్ట్రిడ్జ్ బయటికి తీసి మెట్ల మీద కూర్చున్నాను. మడతల మధ్య తెల్లగా గట్టిగా పేరుకుని ఉంది, వెంట్రుకలు చిక్కుకుని. గోటితో గీకి ఒక పలుకు తీసి చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి నలిపాను. కాసేపు నలుసులాగే ఉంది. తర్వాత మెల్లగా జారింది. వేళ్ల మధ్య మెరుపు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా అమ్మ జడ వాసన.

కొబ్బరి నూనె. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె. సంక్రాంతి రోజుల్లో సీసా ఎండలో పెట్టి కరిగించుకునే ఇంట్లో పుట్టి పెరిగి, పది డిగ్రీల నీళ్లలో అదేమవుతుందో నాకు తట్టలేదు. వచ్చేవాళ్లలో సగం మంది తలకి నూనె రాసుకునే వస్తారు, కొందరు ఒళ్లు మర్దనా చేసుకుని మరీ వస్తారు. తల ముంచగానే నూనె జుట్టులోంచి విడిపోయి గడ్డలవుతుంది, పంపు లాక్కెళ్లి ఫిల్టరుకి పూస్తుంది. చల్లటి కుళాయి నీళ్లతో కడిగితే అది పోతుందా? గీజరు నీళ్లు బకెట్లో పట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూతలు పోసి, కార్ట్రిడ్జ్‌ని రెండు గంటలు నానబెడితే బకెట్ మీద పులుసు మీద నూనె తేలినట్టు తేలింది. తర్వాత బాగా జాడించాలి. మొదటిసారి సరిగ్గా జాడించకుండా పెట్టేసి తొట్టినిండా నురగ తెప్పించాను, అదొక భాగోతం. ఇప్పుడు రెండు కార్ట్రిడ్జ్‌లు పెట్టుకున్నాను. ఒకటి నడుస్తుంటే ఒకటి నాని, ఎండలో ఆరుతూ ఉంటుంది.

దిగేముందు సబ్బుతో స్నానం చెయ్యాలని బోర్డు పెట్టాను. కుర్రాళ్లు విన్నారు. పెద్దవాళ్లతోనే చిక్కు. మోకాళ్ల నొప్పులకని వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు "ఇంట్లో చేసే వచ్చాను బాబూ" అంటారు, నుదుటి మీద నూనె కారుతూ ఉంటుంది. ఆయన్ని ఏమనగలం? ఒకసారి ఆ బకెట్ చూపించాను. "ఇదంతా తలలదేనండీ మాస్టారూ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి బకెట్లోకి వంగి చూసి, "ఇందులోనా నేను మునిగేది!" అన్నారు. ఆ రోజు నుంచి స్నానం చెయ్యనివాళ్లని ఆయనే అదిలిస్తున్నారు.

క్లోరిన్ విషయంలో నేను చేసిన తప్పులు చెప్పాలంటే కొంచెం సిగ్గే. మొదట్లో చల్లటి నీళ్లలో క్రిములుండవు అనుకున్నాను. చలికి అవి చావవు, నెమ్మదిస్తాయంతే. తర్వాత ఊళ్లో వరదప్పుడు చల్లిన బ్లీచింగ్ పౌడర్ గుర్తొచ్చి అదే వేశాను. అడుగున సున్నం తేరుకుంది, నీళ్లు బియ్యం కడుగులా అయ్యాయి. ఇప్పుడు వాడేది ఈత కొలనులకి వాడే క్లోరిన్ మందు, ఎస్‌డీఐసీ గుళికలు. 56 శాతం క్లోరిన్ ఇచ్చే రకం. మా 600 లీటర్లకి ఒక గ్రాము వేస్తే క్లోరిన్ సుమారు ఒక పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) పెరుగుతుంది, అంతే. నేను అంతకుముందు పిడికెడు వేసేవాణ్ణి! బంగారం కొట్లో వాడే లాంటి చిన్న కాటా కొన్నాను. చల్లటి నీళ్లలో నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ముందు మగ్గులో కలిపి పోస్తాం. ఆ మగ్గు వేరు. బ్లీచింగ్ పౌడర్ డబ్బాలో వాడిన మగ్గూ గరిటా దీనికి ముట్టించకూడదు. ఆ రెండు పొడులూ తడి తగిలి కలిస్తే మండుతాయి, పేలతాయి కూడా. మిగిలిన బ్లీచింగ్ పౌడర్‌ని జిమ్‌లోంచే పంపించేశాను.

కళ్లు మండుతున్నాయని ఎవరైనా అంటే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని తగ్గించాను. మంట పెరిగింది. చెమట, మూత్రం లాంటివాటితో కలిసి అలిసిపోయిన క్లోరిన్ అది, దాని వాసనే ఆ ఘాటు. చుక్కలు వేసి చూస్తే పనిచేసే క్లోరిన్ సున్నా. అప్పుడు వెయ్యాల్సింది ఎక్కువ, లేదంటే నీళ్లు మార్చెయ్యడం. మేం మూడు వారాలకోసారి మార్చేస్తాం. 600 లీటర్లే కదా. కాకపోతే డాబా మీద సింటెక్స్ ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నం పడితే చెయ్యి కాలుతుంది, చిల్లర్‌కి ఇంకో రెండు గంటలు పని. తెల్లవారుజామున నాలుగున్నరకి నింపుతాం.

ఆగస్టులో వానలకి కరెంటు తంటా. బోర్డులో, కరెంటు కొంచెం లీకైనా ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ రోజూ పడిపోయేది. వచ్చిన ఎలక్ట్రీషియన్ "ఇది మరీ సున్నితం సార్, తీసేసి మామూలు ఎంసీబీ పెట్టేద్దాం" అన్నాడు. తడి ఒంటితో మనుషులు కూర్చునే తొట్టికి! ఆయన్ని టీ తాగించి పంపించేశాను. ఆ రోజు తొట్టి మూసేసి, అన్ని ప్లగ్గులూ పీకి ఒక్కొక్కటీ పెట్టి చూసుకుంటూ వచ్చాను. పంపు బాగానే ఉంది. చిల్లర్ బాగానే ఉంది. ఓజోన్ పెట్టె పెట్టగానే టక్. విప్పితే లోపల తడి, రాగి పచ్చగా చిలుమెక్కింది. దాని సన్నటి గొట్టంలో ఉన్న బుడిపె లాంటి వాల్వు ఓజోన్‌కే గట్టిపడి పగిలింది. పంపు ఆగినప్పుడల్లా తొట్టి నీళ్లు ఆ గొట్టంలో వెనక్కి పాకి పెట్టెలోకి చేరుతున్నాయి. కొత్త పెట్టెని గోడకి నీటిమట్టానికి రెండడుగుల పైన బిగించాను, గొట్టం ఒక చుట్టు పైకి తిప్పి కిందకి తెచ్చాను. వాల్వు ఆరు నెలలకోసారి మార్చాలని గోడ మీద పెన్సిల్‌తో తేదీ రాసుకున్నాను. దాని ధర టీ, సమోసా అంత ఉంటుంది.

పొద్దున్నే మూత తీసినప్పుడు పిడుగు పడ్డాక వచ్చే లాంటి వాసన గుప్పుమంటుంది, అది ఓజోనే. అయిదు నిమిషాలు వదిలేసి, ఆ తర్వాతే ఎవర్నైనా దిగనిస్తాం.

ఇప్పుడు రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా నీళ్లని ఎనిమిదికి దించేస్తాం. అప్పుడు బయట గాలి చల్లగా ఉంటుంది, చిల్లర్ హాయిగా పనిచేస్తుంది. పగలు మూత వేసి తీస్తూ పది, పదకొండు మధ్య నడుస్తుంది. రీల్స్ చూసి వచ్చి "మూడు డిగ్రీలు పెట్టన్నా" అనే కుర్రాళ్లు వారానికొకడైనా తగులుతాడు. మూడుకి పెడితే, ఫిల్టరు కాస్త మూసుకుపోయిన రోజున లోపలి గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి చిల్లరే పగులుతుంది. వాడి గుండె సంగతి తర్వాత. అసలు దిగిన మొదటి నిమిషంలోనే ఊపిరి ఎగదన్నుతుంది, అందుకే ఎవర్నీ ఒంటరిగా దిగనివ్వం. బీపీ, గుండె జబ్బులున్నవాళ్లని డాక్టర్ని అడిగి రమ్మంటాం. బరువులెత్తిన వెంటనే ప్రతిసారీ దీంట్లో దిగితే కండ పెరగడం తగ్గుతుందని 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఆ సంగతి కూడా కండల కోసం వచ్చేవాళ్లకి చెప్పేస్తాను. "వ్యాపారం చేస్తున్నావా, ప్రచారం చేస్తున్నావా" అని బావ విసుక్కుంటాడు.

నెలకోసారి బ్లోయర్‌తో కాయిల్ దుమ్ము ఊదుతాను. ఈ పని అందరూ చెప్పేదే, అందరూ వాయిదా వేసేదే. నేనూ వేశాను, దసరా దాకా.

దసరాకి మా కుర్రాళ్లు ఆయుధ పూజ చేస్తామన్నారు. డంబెల్స్‌కి, ట్రెడ్‌మిల్‌కి బొట్లు పెట్టారు. చిల్లర్‌ని వదలలేదు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, మూరెడు బంతిపూల దండ కాయిల్ జాలీకి అడ్డంగా కట్టి కొబ్బరికాయ కొట్టారు. నేను కొండ మీద అమ్మవారి దర్శనానికి లైన్లో ఉన్నాను. సాయంత్రానికి ఫోన్: "అన్నా, టక్కుమంటోంది." అక్టోబరులో టక్కుమనడమేంటి? గబగబా వచ్చి చూస్తే, ఫ్యాను పీల్చిన పీల్పుకి బంతి రేకులన్నీ ఊడి కాయిల్ రెక్కలకి పొరలా అంటుకుని, వాటి మీద నేను ఊదకుండా వదిలేసిన రెండు నెలల దుమ్ము. మధ్యలో అరచేతి వెడల్పు కూడా ఖాళీ లేదు.

బాబాయ్‌కి ఫోన్ చేసి విషయం చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"అగరబత్తి వెలిగించారా?"

"వెలిగించారు బాబాయ్. పూజకి."

"పొగ ఎటు పోతోందో ఒక్కడైనా చూశాడా?" అని ఫోన్ పెట్టేశారు. నేను బ్రష్షు తీసుకుని కూర్చుని, చీకటి పడేదాకా రేకులు ఏరాను.